బూందీ సారు అని పిలిచేవాళ్ళకు నా జవాబు

ఖతర్‌లో పనిచేసి వచ్చినవాళ్ళం ఏటా ఒకసారి ఏదో ఒక ఫంక్షన్ హాల్లో కలిసి భోజనం చేస్తాం. ప్రతిసారీ వడ్డనకు ముందు ఒకాయన మైకు పట్టుకుని బూందీ కథ చెబుతాడు. హాలంతా నవ్వుతుంది. నేను చెయ్యి ఎత్తుతాను. "మీరు తర్వాత మాట్లాడుదురు గానీ, సాంబారు చల్లారిపోతోంది" అంటారు. ఆ తర్వాత అనేది ఇంతవరకు రాలేదు. పోయినసారి ఒక కుర్రాడు ఆ కథను ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పంపాడు. దాని కింద నేను తప్పులన్నీ వరసగా రాసి పెట్టాను. దానికి వచ్చిన జవాబు ఒక్క బొటనవేలి బొమ్మ. అదీ మా మేనల్లుడిది.

అందుకని ఇక్కడ, మన పత్రికలో రాస్తున్నాను. కాగితం మీద రాసేటప్పుడు మైకు లాక్కునేవాడు ఉండడు.

వాళ్ళు చెప్పే కథ ఇది: "మా కంపెనీలో ఒక మిషన్ సారు ఉండేవాడు. అరబ్బు ముసలాయన ఇంట్లో పాతకాలపు వస్తువు దొరికితే, అదేమిటో తెలియక దాంతో బూందీ దూశాడు." ఇందులో మిషన్ నాదన్న ముక్క ఒక్కటే నిజం. వస్తువును కనిపెట్టింది నేను. బూందీ దూసింది ఇంకొకడు. అలా దూసే పరిస్థితి తెచ్చింది మూడోవాడు. ఆ మూడోవాడే ఇప్పుడు మైకు పట్టుకునేవాడు.

మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు కాబట్టి నా ఉద్యోగం ఏమిటో చెబుతాను. తొంభైల్లో దోహా చుట్టుపక్కల ఎక్కడ చూసినా తవ్వకాలే. యంత్రం బకెట్ దించే ముందు, ఆ నేల కింద కరెంటు కేబులో, నీళ్ళ పైపో, ఇసుకలో మునిగిపోయిన ఇనప మూతో ఉందేమో చూసి చెప్పేవాడు ఒకడు కావాలి. ఆ ఒకణ్ణి నేను. చేతిలో పొడవాటి కర్ర, దాని చివర పళ్ళెం లాంటి చుట్ట, నడుముకు బ్యాటరీ, చెవులకు హెడ్‌ఫోను. పళ్ళేన్ని నేలకు ఆనీ ఆనకుండా ఊపుకుంటూ నడవాలి. కింద లోహం ఉంటే చెవిలో కూత వస్తుంది. ఇనుముకు బండగా, రాగి ఇత్తళ్ళకు సన్నగా. నేను "ఏమీ లేదు" అంటేనే అందరికీ ఇష్టం. "ఉంది" అన్నానో పని ఆగిపోతుంది, డ్రైవరు మొహం చిట్లిస్తాడు, ఆ కేబులేదో నేనే పాతిపెట్టినట్టు ఫోర్‌మన్ నన్ను చూస్తాడు.

ఆ ఫోర్‌మన్‌ది నిజామాబాద్ వైపు. నాది గోదావరి జిల్లా. నేను చేరిన మొదటి రోజే పికప్‌లో ముందు సీటు ఖాళీగా ఉంటే నన్ను వెనక సిమెంటు బస్తాల మీద కూర్చోబెట్టాడు. "మిషిన్‌కు గాలి తాకాలె గద సారూ" అన్నాడు. నేను మరిచిపోలేదు. ఇంకో రోజు మధ్యాహ్నం అందరికీ మటన్ పంచి నా దగ్గరికొచ్చేసరికి గిన్నె వంచి చూపించి, "నీ మిషిన్‌తోని ఎతుకు, అడుగున బొక్క దొరుకుతదేమో" అన్నాడు. బొక్క అంటే వాళ్ళ వైపు ఎముక. అదీ మరిచిపోలేదు. వీటన్నిటినీ మించింది ఇంకొకటుంది. నేను మంచినీళ్ళకు వెళ్ళినప్పుడల్లా నేను నడవబోయే దారిలో ఏదో ఒకటి పాతేవాడు. చెంచా, చేపల డబ్బా, బోల్టు, ఒకసారి నా టిఫిన్ క్యారియర్ మూత. నేను కూత విని, మోకాళ్ళ మీద కూర్చుని, తాపీతో పొరలు పొరలుగా మట్టి తీసి, చివరికి చెంచా పైకెత్తేసరికి వెనకాల సైటంతా గొల్లుమనేది.

"ఏం దొరికింది సారూ? రాజుల కాలం నాటి చెంచానా?"

నేను ఆ చెంచా తుడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. నా చెంచాయే కాబట్టి.

ఇలా ఉండగా దోహా దగ్గర ఉమ్ సలాల్‌లో ఒక తోట పని వచ్చింది. ఖర్జూరాల తోట. మధ్యలో పాత మట్టి ఇల్లు, సగం కప్పు పడిపోయింది, లోపల మేకలకు గడ్డి వేసేవారు. దాన్ని కూల్చి నేల చదును చేస్తే కొడుకులు విల్లాలు కట్టుకుంటారు. మేము వెళ్ళేసరికి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, చేతిలో బెత్తం. మేమంతా ఆయన్ను బాబా అనేవాళ్ళం. చిన్నప్పుడు తండ్రితో బొంబాయి వెళ్ళేవాడట, అక్కడి హిందీ ఇంకా నాలుక మీద ఉంది. ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు గానీ అర్థమయ్యేది.

"సందూక్ దొరికేదాకా గోడ ముట్టనివ్వను" అన్నాడు.

సందూక్ అంటే పెట్టె. ఆయన తండ్రి ముత్యాల వ్యాపారి. పడవల వాళ్ళ దగ్గర కొని బొంబాయిలో అమ్మేవాడు. తర్వాత ఒక కాలం వచ్చింది, ముత్యం కొనేవాడు లేడు. ఇంట్లో ఉన్న ఇత్తడంతా తూకానికి అమ్మేసి బియ్యం తెద్దామన్నాడు తండ్రి. ఆ మాట అన్న రోజే తల్లి ఆయన ముత్యాల పని సామాను ఇనప పట్టీల పెట్టెలో పెట్టి, తాను పడుకునే గదిలో నేల కింద దాచేసింది. దొంగలు పట్టుకుపోయారని మొగుడికి చెప్పింది. నిజం తన చిన్న కొడుక్కి ఒక్కడికే చెప్పింది. ఆ చిన్న కొడుకే ఈ బాబా. తల్లి పడుకునేది ఏ గదిలోనో మాత్రం ఆయనకు గుర్తులేదు.

ఈ సంగతి ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పెద్దకొడుకు గురువారం పొద్దున పెద్ద కారులో వచ్చాడు. మర్యాదస్తుడే, మాతో హిందీలోనే మాట్లాడాడు, గొంతు పెంచలేదు. "మా నాన్నకు వయసైంది. పోయినేడు పాత బావిలో ఒంటె పడి ఉందన్నాడు. బావంతా తోడించాం. ఒంటె మాఫీ, లేనే లేదు. ఇప్పుడు పెట్టె" అన్నాడు. రేపు శుక్రవారం నమాజు అయ్యేదాకా వెతుక్కోమన్నాడు. శనివారం పొద్దున్నే బుల్డోజరు వస్తుంది. ఆ తర్వాత నాన్న దోహాలో, అల్ హిలాల్‌లో తమతోనే ఉంటాడు, ఒంటరిగా తోటకు రానక్కర్లేదు. ఆ మాట చెబుతూనే గేటుకు వేలాడుతున్న తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

కారు వెళ్ళిపోయాక ముసలాయన ఫోర్‌మన్‌ను దాటి నా వైపు చూశాడు.

"నువ్వు నమ్ముతావా?"

ఆ దేశంలో నా అభిప్రాయం అడిగిన మొదటి మనిషి ఆయన. నేను వెంటనే నమ్మాను.

అప్పటి నుంచి నా పట్టుదల చూడాలి. పెట్టె దొరికితే ఆయన మాట మాటే. దొరక్కపోతే ఇంక ఆయన దాహం వేస్తోందన్నా నిజమేనా అని ఒకరినొకరు అడుగుతారు. మాట ఎవరూ వినకపోవడం ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

పెట్టె, ఇనప పట్టీలు అన్నారు కాబట్టి నేను బండ కూత కోసం వెతికాను. వసారా చూశాను, వంటగది చూశాను. మేకులు దొరికాయి, గొలుసు ముక్క దొరికింది. ఫోర్‌మన్ పాతినవి కూడా దొరికాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. మధ్యాహ్నం దాటాక లోపలి గదిలో గోడవార సన్నటి కూత వచ్చింది. తవ్వితే జానెడు లోతులోనే తగిలింది. ఇత్తడి గిన్నె. పచ్చగా చిలుం పట్టి ఉంది. అడుగంతా చిల్లులు, వరసలు వరసలుగా, అన్నీ ఒకే సైజు.

నేను గిన్నె చూడలేదు. ఫోర్‌మన్ మొహం చూశాను.

"బాగుందయ్యా. ఈసారి ఇత్తడి పాతావు. సూక్ బజార్లో కొన్నావా?"

"నేను బెట్టలే సారూ. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టు వెయ్యడానికి నీకేం పోయింది? నీ కూతురి మీద వెయ్యి."

అతనికి ఆ వారమే కూతురు పుట్టింది. ఫోన్‌లో కబురు వచ్చినప్పటి నుంచి సైటులో గాలి మీద నడుస్తున్నాడు. "మా అవ్వ ఊరంత చెప్పిందట, దుబాయ్‌ల ఉన్న నా కొడుక్కు బిడ్డ పుట్టిందని. గిది దుబాయ్ గాదే అంటే ఇనదు" అని పదిసార్లు చెప్పాడు. అలాంటివాడు నా మాటకు ఒక్కసారిగా మొహం ముడుచుకున్నాడు.

"పొత్తిళ్ళల్ల ఉన్న పోరి మీద ఒట్టేయిస్తవా? నువ్వేం మనిషివే!"

ఒట్టు మాత్రం వెయ్యలేదు. వెయ్యలేదు కాబట్టి అతనే పాతాడని నేను ఖాయం చేసుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఈ గదిలో ఇంకేమీ లేదని చెప్పి బయటికి వచ్చేశాను. నేను లేదన్నాక ఆగే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. కూలీలు పారలతో గది నేలంతా గీరి, ఆ మట్టి బయట కుప్ప పోశారు. బాబా అప్పుడు చెట్టు నీడలో కునుకు తీస్తున్నాడు. నేను ఆయన్ను లేపి ఒక చిల్లుల గిన్నె చూపించలేదు. ఫోర్‌మన్ వేళాకోళానికి ముసలాయన నిద్ర చెడగొట్టడం ఎందుకని.

అప్పుడే టీ పట్టుకుని మెస్ వ్యాను వచ్చింది. మా వంటమాస్టరుది కృష్ణా జిల్లా. దోహాలో శుక్రవారాలు మేమిద్దరం ఒకే ప్రార్థన కూటానికి వెళ్ళేవాళ్ళం. నా చేతిలో గిన్నె చూడగానే టీ ఫ్లాస్కు కింద పెట్టేశాడు.

"అన్నయ్యా! బూందీ చట్రం!"

"ఏంటి?"

"బూందీ దూసేది అన్నయ్యా. మన ఇంట్లో ఉండదూ? పిడి ఊడిపోయిందంతే. ఏ గుజరాతీ మిఠాయి అంగడివాడో ఇక్కడ కాపురమున్నట్టున్నాడు."

కూతురు పుట్టినందుకు లడ్డూలు పంచాలని ఫోర్‌మన్ వారం నుంచి మాస్టరు ప్రాణం తీస్తున్నాడు. చట్రం లేకుండా ఎలా దూస్తానని మాస్టరు తప్పించుకుంటున్నాడు. ఇప్పుడు ఆ సాకు పోయింది. గిన్నెను వెలుతురుకు పట్టి, చిల్లుల్లోంచి ఆకాశం చూసి మురిసిపోయాడు.

"పట్టుకెళ్ళనా అన్నయ్యా?"

"పట్టుకెళ్ళు. వాడి చట్రం, వాడి లడ్డూలు. కానీ పొద్దున్నే మళ్ళీ నా చేతిలో పెట్టాలి."

నేను అన్నది ఇంతే. ఈ "పట్టుకెళ్ళు"నే మైకులో "దూశాడు"గా మార్చారు. ఆ సాయంత్రం గిన్నెను చింతపండు, ఉప్పు వేసి తోమింది మాస్టరు. మరిగే నీళ్ళలో వేసి తీసింది మాస్టరు. పట్టకారుతో పట్టుకుని నూనె మీద శనగపిండి జారవిడిచింది మాస్టరు. బూందీ ఒక్కొక్క గింజా అచ్చు పోసినట్టు దిగింది. క్యాంపులో అంత చక్కటి లడ్డూ అంతకు ముందు ఎవరూ తినలేదు. నేను రెండే తిన్నాను, కోపంలో ఉన్నాను కాబట్టి.

శుక్రవారం సెలవు, అయినా గడువు దగ్గరపడిందని ఫోర్‌మన్ కూలీలను ఎక్కించుకుని పికప్ తీశాడు. నేనూ ప్రార్థన కూటం మానేసి వాళ్ళతో తోటకు బయల్దేరాను. ఎందుకు రాలేదని తర్వాత ఒక్కరూ అడగలేదు, అది వేరే సంగతి. తోమిన గిన్నె నా మిషన్ సంచిలో ఉంది. నా ప్లాను ఏమిటంటే, ఫోర్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ వేసుకునే చోట దాన్ని లోతుగా పాతాలి. మిషన్ అక్కడ కూయాలి. పెట్టె దొరికిందని అరవాలి. ఎర్రటి ఎండలో అతని చేతే పార పట్టించి తవ్వించాలి. గిన్నె బయటపడ్డాక "రాజుల కాలం నాటిదా?" అని నేను అడగాలి. రాత్రంతా ఆ ఒక్క ప్రశ్న సాధన చేశాను.

ఆ ప్రశ్న అడిగే అవకాశం దేవుడు ఇవ్వలేదు. మేము దిగగానే బాబా కహ్వా కాఫీ పోశాడు, ఖర్జూరాలు పెట్టాడు. ఫోర్‌మన్ బిస్కెట్ల రేకు డబ్బా తెరిచి, "బాబా, నాకు బిడ్డ పుట్టింది" అని లడ్డూ అందించాడు. మాస్టరు కూడా మాతో వచ్చాడు, తన లడ్డూకు పొగడ్త స్వయంగా వినాలని.

ముసలాయన లడ్డూ నోట్లో పెట్టుకోలేదు. మెల్లగా విరిచాడు. ఒక బూందీ గింజ విడదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వెలుతురుకు ఎత్తి తిప్పాడు. ఇంకొకటి తీసి దాని పక్కన అరచేతిలో పెట్టాడు. ఇంకొకటి. మూడింటినీ అటూ ఇటూ దొర్లించాడు. తినే పదార్థాన్ని ఎవరూ అలా చూడరు.

"ఇంత సమంగా ఎలా చేశారు?"

మాస్టరు ఉప్పొంగిపోయాడు. చిల్లుల గిన్నె ఒకటుందని, దాంట్లోంచి పిండి జారుతుందని చేతులతో అభినయం చేసి చూపించాడు. ముసలాయనకు అర్థం కాలేదు.

"చూపించు."

"సారు సంచిలో ఉందండీ" అన్నాడు మాస్టరు, నా ప్లానంతా ఒక్క మాటతో మట్టిలో కలిపి.

తీసి ఇచ్చాను. మెరిసిపోతోంది. బాబా చెయ్యి తన తెల్లటి అంగీకి తుడుచుకుని మరీ అందుకున్నాడు. అంచు వెంట గోరుతో రాసుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. అక్కడ చిన్న సొట్ట ఉంది.

"దీంతో డోలు వాయించాను, ఈ గడప మీద. మా అమ్మ నన్ను కొట్టింది" అన్నాడు.

ఆయనే మెల్లగా చెప్పాడు. ఇలాంటివి వరసగా ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. పై గిన్నెకు పెద్ద చిల్లులు, కిందికి వెళ్ళేకొద్దీ సన్నవి. ముత్యాలు పోసి కదిలిస్తే పెద్దవి పైన నిలుస్తాయి, చిన్నవి దిగిపోతాయి. వాళ్ళ నాన్న ముత్యాల జల్లెడ. తల్లి దాచింది దీన్నే.

"మిగతావి ఏవి?" అన్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. పెట్టె చెక్కది. ఆ ఉప్పు నేలలో చెక్క ఎప్పుడో పోయి ఉంటుంది. మేము ముందు రోజంతా లేని పెట్టె కోసం వెతుకుతూ, అందులో ఉన్నదాన్ని మెస్‌కు పంపించాం.

ఫోర్‌మన్ నా మీద విరుచుకుపడ్డాడు. "నేను బెట్టలేదని జెప్తి గదనే!"

"మరి ఒట్టెందుకు వెయ్యలేదు?"

"బిడ్డ మీద ఎట్లేస్తనే? నీకు పిల్లలు లేరా?"

"ఉన్నారు. వాళ్ళ మీద నేనూ వెయ్యను!"

"మరి నన్నెందుకు అడిగినవ్?"

బాబా బెత్తంతో కుర్చీ కోడు మీద కొట్టాడు. "యల్లా! కదలండి!"

గది మట్టంతా బయట కుప్పగా ఉంది. నమాజు అయితే కొడుకులు వచ్చేస్తారు. హెడ్‌ఫోను పెట్టుకుని కుప్ప మీద మిషన్ ఆడించాను. ఇక్కడ కూత, అక్కడ కూత, అడుగు తీసి అడుగు పెడితే కూత. అంత ఇనుము ఆ గదిలో ఎలా ఉంటుంది? తల తిప్పి ఫోర్‌మన్ వైపు చూశాను. ఖర్జూరపు చెట్టు కొమ్మల్లో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

"ఏమయ్యా. ఎన్ని పాతావు?"

"ఎక్కువేం గాదు."

"రా. తియ్యి."

మీరు నమ్మండి, నమ్మకపోండి, నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అతి అందమైన దృశ్యం అదే. సైటు మొత్తానికి ఫోర్‌మన్ అయినవాడు మోకాళ్ళ మీద కుప్పంతా దేకుతూ తాను పాతినవన్నీ తానే తవ్వి తీస్తున్నాడు. నేను పైనుంచి పళ్ళెం చూపిస్తూ "ఇది?" అంటాను. "నాదే" అంటాడు, బోల్టు తీస్తాడు. "ఇది?" "నాదే." చేపల డబ్బా. "మరి ఇది?" "ఆగు... గిది గూడ నాదే." అయిపోయాయి అని లేచి దులుపుకుంటాడు, రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వస్తాడు. "ఆగు సారూ, గాడ గూడ ఒకటున్నది." బాబా కుర్చీ అక్కడికే వేయించుకుని ఆ డబ్బాలూ బోల్టులూ ఒకటొకటిగా చూస్తూ, బెత్తం మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. మాస్టరు తన మెస్‌లో పోయిన చెంచాలన్నీ గుర్తుపట్టి ఏరుకుంటున్నాడు.

"ఇన్ని పాతడానికి నీకు తీరికెక్కడిదయ్యా?" అన్నాను.

"కూత ఇన్నప్పుడు నీ మొకం నువ్వు జూస్కోలే సారూ. పెండ్లికొడుకు లెక్కయితది. గది జూడనీకె" అన్నాడు.

అతను నా గురించి అన్న మాటల్లో అదొక్కటే మంచిమాట. మంచిమాటేనా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

చివరికి కుప్ప మొత్తం నిశ్శబ్దమైంది. అందులో ఏమీ లేదు. అజాన్ అయింది. బాబా చాప పరిపించుకుని తోటలోనే నమాజు చేసుకున్నాడు. నేను గదిలోకి వెళ్ళాను. నేల ఇప్పుడు మూరెడు కిందికి దిగి ఉంది. అదే గోడవార పళ్ళేన్ని ఆనించీ ఆనించగానే వచ్చింది, సన్నటి కూత. నిన్న నా మిషన్‌కు అందని లోతు అది. కూలీలు మట్టి తియ్యకపోతే ఎప్పటికీ అందేది కాదు. ఈ విషయం నేను ఫోర్‌మన్‌కు ఇంతవరకు చెప్పలేదు, చెప్పి అతనికి ఇంకో కథ ఇవ్వదలచుకోలేదు.

తాపీ పక్కన పెట్టి చేతులతోనే తీశాను. ముందు తుప్పు పొడి వచ్చింది, పట్టీల ఆకారంలో, ముట్టుకుంటే రాలిపోతూ. దాని కింద పచ్చటి ఇత్తడి ముద్ద. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన గిన్నెలు. పెట్టె కూలినప్పుడు పై గిన్నె ఒక్కటే పక్కకు దొర్లి, మేకల కాళ్ళకు పైకి వచ్చినట్టుంది. వెనక్కి తిరిగి చూస్తే ఫోర్‌మన్, మాస్టరు, కూలీలు అందరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బాబా నేల మీదే కూర్చుని ఆ ముద్దను ఒళ్ళో పెట్టుకున్నాడు. మట్టి ఊదాడు. చివరగా బూందీ గిన్నె తెచ్చి పైన అమర్చాడు. సరిగ్గా కూర్చుంది. కిందవన్నీ చిలుం పట్టి ముదురు పచ్చగా ఉంటే అదొక్కటే బంగారంలా నిగనిగలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మాస్టరు ఎంత తోమినా నూనె వాసన పోలేదు. ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. పళ్ళు లేని నోటితో, భుజాలు ఊగేలా నవ్వాడు.

అలా నవ్వుతుండగానే కొడుకుల కార్లు ఆగాయి. అత్తరు వాసన ముందు వచ్చింది, వెనక పెద్దకొడుకు. ఒళ్ళో ఉన్నదాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బాబా ఏమీ వాదించలేదు. డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి చెయ్యి చాచి, మాకూ తెలిసేలా హిందీలోనే అన్నాడు.

"తిను. మీ నాయనమ్మ జల్లెడతో చేసింది."

పెద్దకొడుకు తిన్నాడు. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత వంగి తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. చిన్నకొడుకు ఏదో గొణిగాడు. ఫోర్‌మన్ నా చెవిలో నవ్వాడు.

"అట్లయితే బావిల ఒంటె గూడ నిజమేనా అంటుండు. ఒంటెకు మిషిన్ కూస్తదా సారూ?"

ఇల్లు కూల్చడానికి బాబా తానే ఒప్పుకున్నాడు. ఆయనకు కావలసింది ఇల్లు కాదు. ఆ తర్వాత పెద్దకొడుకు కారులోంచి కెమెరా తెచ్చాడు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టాడు, ఒళ్ళో జల్లెడలు. ఒక పక్క ఫోర్‌మన్‌ను నిలబెట్టాడు, ఇంకో పక్క లడ్డూ డబ్బాతో మాస్టరును. నేను మిషన్ భుజాన వేసుకుని, జుట్టు సవరించుకుని దగ్గరికి వెళ్ళాను. కెమెరా నా చేతిలో పెట్టాడు.

"నువ్వు మిషన్ మనిషివి కదా. నొక్కు."

నొక్కాను. ఆ ఫోటో వాళ్ళ ఇంట్లో చట్రం కట్టించి పెట్టారని విన్నాను. కనిపెట్టినవాడు తప్ప అందరూ ఉన్నారు అందులో. దీని గురించి నేను అల్ హిలాల్ ఇంటికి కబురు కూడా పంపించాను. జవాబు రాలేదు. సరే.

ఇక అసలు సంగతి. ఇది నేను మైకులో చెప్పాలనుకున్నది, సాంబారు చల్లారిపోతుందని మీరు చెప్పనివ్వనిది. సామాను పికప్‌లో ఎక్కించాం. నేను నా మామూలు చోటుకు, వెనక్కి ఎక్కబోతుంటే బాబా బెత్తం పొడుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకు నాతో బొంబాయి హిందీలో మాట్లాడినవాడు, ఇప్పుడు అరబ్బీలో మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. నా కళ్ళలోకే చూస్తూ చెప్పాడు. అందులో నాకు తెలిసింది ఒక్క మాట, ఉమ్మీ. మా అమ్మ అని. ఆ మాట రెండుసార్లు అన్నాడు. చెప్పడం అయ్యాక కూడా చెయ్యి వదల్లేదు.

నేను ఫోర్‌మన్ వైపు చూశాను. మాలో అరబ్బీ తెలిసినవాడు అతనొక్కడే. నోటికి తాళం లేనివాడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తర్వాత స్టీరింగ్ ముందు కూర్చుని, "పోయి బువ్వ తినుమంటుండు" అని బండి తీశాడు.

బాబా ఆ తర్వాత కొన్నాళ్ళకు పోయారు. ఆయన్ను అడిగే వీలు లేదు. ఫోర్‌మన్‌ను మాత్రం క్యాంపులో అడిగాను, విమానాశ్రయంలో అడిగాను, వాళ్ళ పాప పెళ్ళిలో అక్షింతలు వేసి వచ్చి మరీ అడిగాను. ప్రతిసారీ అదే జవాబు, బువ్వ తినమన్నాడని.

అయ్యా ఫోర్‌మన్ గారూ, ఈ సంచిక మీ ఇంటికీ వస్తుందని నాకు తెలుసు. బూందీ నేనే దూశానని చెప్పుకోండి, ఇక చెయ్యి ఎత్తను. ఆ బోల్టులు, చేపల డబ్బాలు కూడా మాఫీ చేస్తున్నాను. కానీ బువ్వ తినమని చెప్పడానికి ఒక మనిషికి అంతసేపు పట్టదు. దానికి వాళ్ళమ్మను రెండుసార్లు తలుచుకోనక్కర్లేదు. విని మీరు కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు. ఆ మాటలు ఆయన మీతో అనలేదు. నాతో అన్నాడు. అవి నావి. ఏమన్నాడో చెప్పండి.